ఆ చీటీకి మనం జవాబు బాకీ ఉన్నాం

మూడేళ్ళ క్రితం మన తెలుగు సంఘాల యువతకు మూడు రోజుల రిట్రీట్ జరిగింది. రెండో రోజు సాయంత్రం ఎప్పటిలాగే ప్రశ్నల పెట్టె తెరిచారు. పేరు రాయనక్కర్లేదు, మనసులో ఉన్నది చీటీ మీద రాసి పెట్టెలో వేస్తే చాలు. సినిమాలు చూడొచ్చా, దశమభాగం మొత్తం జీతం మీదా చేతికొచ్చిన దాని మీదా, వేరే సంఘం అమ్మాయిని చేసుకోవచ్చా... పాస్టర్ అయ్యగారు ఒక్కొక్కటీ చదువుతున్నారు, జవాబు చెబుతున్నారు, పిల్లలు నవ్వుతున్నారు. ఒక చీటీ దగ్గర ఆయన ఆగిపోయారు. లోపల్లోపల చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, "ఇది విడిగా మాట్లాడాల్సింది" అని తర్వాతి చీటీ తీశారు.

రాత్రి భోజనాల దగ్గర ఆ చీటీ మాకు చూపించారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. నాకు అమ్మాయిల మీద మనసు పోదు, చిన్నప్పటి నుంచీ అంతే, ప్రార్థన చేశాను, ఉపవాసాలున్నాను, మార్పు రాలేదు, నేను సంఘంలో ఉండొచ్చా అని ఉంది. మాలో ఒకరు "ఎవడో తుంటరి పని" అన్నారు. ఇంకొకరు "సెల్‌ఫోన్లు చెడగొడుతున్నాయి" అన్నారు. మిగతావాళ్ళం అన్నం కలుపుకున్నాం. మర్నాడు ప్రభువు బల్ల జరిగింది. ఆ చీటీ రాసిన చెయ్యి రొట్టె కోసం చాచిన చేతుల్లో ఉందో లేదో మాకు తెలియదు. "విడిగా మాట్లాడాల్సింది" అన్న ఆ మాట ఈ రోజుకీ ఎవరూ మాట్లాడలేదు.

ఈ వ్యాసం ఆ బాకీ తీర్చే ప్రయత్నం. గే, లెస్బియన్ మనుషులకు సంఘ జీవితంలో చోటుందా అన్న విషయంలో క్రైస్తవుల మధ్య తేడాలున్నాయి. మా సంస్థలోనూ ఉన్నాయి. వాటిని దాచం. అయితే తేడాలు తేలేదాకా ఆ పిల్లవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టే హక్కు మనకు లేదని మాత్రం మేమందరం ఒప్పుకున్నాం.

మన సంఘాల సంగతి వేరు

ఆంధ్రలోనో తెలంగాణలోనో ఒక సంఘంలో ఇమడకపోతే పై వీధిలో ఇంకో సంఘం ఉంటుంది. మనకలా కాదు. బరంపురంలోనో, ముంబై చాల్‌లలోనో, షోలాపూర్‌లోనో, కోలారు బంగారు గనుల కాలనీల్లోనో, చెన్నై శివార్లలోనో తెలుగు ఆరాధన జరిగేది ఒకటో రెండో చోట్ల. తాతల కాలంలో పొట్ట చేతపట్టుకొచ్చిన మనకి ఆ చర్చే బడి, ఆ చర్చే పుట్టిల్లు. తెలుగు అక్షరాలు చాలామంది సండే స్కూల్లో నేర్చుకున్నారు. పెళ్ళి సంబంధాలు అక్కడే కుదురుతాయి. చావు వస్తే పెట్టె మోసేది ఆ నలుగురే. అలాంటి చోటు నుంచి ఒకణ్ణి వెళ్ళగొడితే వాడు ఆదివారం ఆరాధన ఒక్కటే పోగొట్టుకోడు. భాషా, బంధువులూ, రేపు పడుకోవాల్సిన ఆరడుగుల నేలా అన్నీ పోతాయి. అందుకే చీటీలో అడిగిన "ఉండొచ్చా" అన్న మాట మన దగ్గర ఇంకా బరువైనది.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

చాలామంది ఇదంతా పడమటి గాలి అంటారు. నిజానికి పడమటి నుంచి వచ్చింది నిషేధం. భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ 1860లో బ్రిటిష్ వాళ్ళు రాసింది. ఫ్రెంచి శిక్షాస్మృతిలో మాత్రం 1791 నుంచే అలాంటి నేరం లేదు. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. అదే గోదావరి, అదే తెలుగు, అదే బైబిలు. ఏది నేరమో మాత్రం ఏ దొర ఏలుతున్నాడన్న దాన్ని బట్టి ఉండేది. మనం దేవుని చట్టమనుకుని కాపాడుతున్న వాటిలో దొర రాసిన చట్టం ఎంత కలిసిపోయిందో ఒకసారి ఆలోచించాలి.

2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, పెద్దవాళ్ళు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదంది. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడింది. 2018 సెప్టెంబర్ 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా మళ్ళీ నేరం కాదన్నారు. ఇంతకాలం వీళ్ళకు జరిగిన అవమానానికి చరిత్ర క్షమాపణ చెప్పాలన్న అర్థంలో జస్టిస్ ఇందూ మల్హోత్రా రాశారు. 2023 అక్టోబర్ 17న అదే సుప్రీంకోర్టు వీళ్ళ పెళ్ళికి చట్టబద్ధత ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అంటే ఈ రోజు మన దేశంలో వీళ్ళు నేరస్థులు కారు, చట్టం ముందు భార్యాభర్తలూ కారు.

ఈ కథలో మన పాత్ర కూడా చెప్పుకోవాలి. 377 ఉండాలని సుప్రీంకోర్టులో వాదించినవాళ్ళలో కేరళ, ఒడిశా క్రైస్తవ సంఘాలూ ఉన్నాయి. మరోవైపు 2013 తీర్పు వచ్చినప్పుడు బొంబాయి కార్డినల్ ఆస్వాల్డ్ గ్రేషియస్, ఈ పెళ్ళిళ్ళను సంఘం ఒప్పుకోదు గానీ వీళ్ళను నేరస్థులుగా చూడదని బాహాటంగా చెప్పారు. నాగపూర్ కేంద్రంగా ఉన్న భారత క్రైస్తవ సంఘాల జాతీయ మండలి కూడా పాస్టర్లతో, వేదాంత విద్యార్థులతో ఈ విషయం మాట్లాడుతూ వస్తోంది. కాబట్టి "క్రైస్తవులందరిదీ ఒకటే మాట" అనేది నిజం కాదు.

ప్రపంచ సంఘాల్లో చీలిక

మన తాతలకు సువార్త తెచ్చిన మిషనులే నేడు ఈ విషయంలో ఒక దారిలో లేవు. 1842లో గుంటూరుకు హేయర్ అయ్యగారిని పంపిన అమెరికా లూథరన్ల వారసులు 2009లో, నమ్మకంగా జంటగా జీవించే గే, లెస్బియన్ వ్యక్తులు పాస్టర్లు కావచ్చని తీర్మానించారు. అమెరికాలోని యునైటెడ్ మెథడిస్ట్ సంఘం 1972 నుంచి ఉన్న తన అభ్యంతరాన్ని 2024లో తీసేసింది. దానికి ముందు నాలుగేళ్ళలో అక్కడ ఏడున్నర వేలకు పైగా స్థానిక సంఘాలు ఆ గొడవలో విడిపోయాయి. 2023 డిసెంబర్‌లో పోప్ ఫ్రాన్సిస్ కాలంలో వాటికన్, ఇలాంటి జంటలు అడిగితే పెళ్ళి తంతును పోలని మామూలు దీవెన ఇవ్వొచ్చంది. నెల తిరక్కుండానే ఆఫ్రికా బిషప్పులు తమ దగ్గర అది కుదరదన్నారు.

సి.ఎస్.ఐ. కూడా భాగంగా ఉన్న ఆంగ్లికన్ కుటుంబంలో అందరూ ఎత్తిచూపేది 1998 లాంబెత్ సభ తీర్మానం. 526 మంది అవునన్నారు, 70 మంది కాదన్నారు. స్వలింగ సంబంధాలు లేఖనాలకు సరిపడవని అందులో ఉంది. మన పెద్దలు ఆ సగాన్ని బాగా గుర్తుపెట్టుకున్నారు. అదే తీర్మానంలో, వీళ్ళ అనుభవాన్ని కూర్చుని వింటామనీ, వీళ్ళు కూడా క్రీస్తు శరీరంలో పూర్తి అవయవాలేననీ ఉంది. ఆ రెండో సగాన్ని మన ఏ మండల సభలో చదివారు? పావు శతాబ్దం దాటింది. వినడానికి కుర్చీ ఎక్కడ వేశాం? మా ప్రశ్నల పెట్టె తెరుచుకున్నప్పుడు కూడా వినలేదు కదా.

వాక్యం ఏమంటోంది

"బైబిల్లో స్పష్టంగా ఉంది కదా" అనేవాళ్ళను మేము తేలిగ్గా తీసుకోం. వాళ్ళలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి మనందరి పేర్లూ పెట్టి ప్రార్థించే అమ్మలున్నారు. వాళ్ళది ద్వేషం అనడం అబద్ధం. ఆదికాండం మొదటి అధ్యాయాల్లో స్త్రీ పురుషుల జత, మార్కు 10లో ప్రభువు దాన్నే గుర్తుచేయడం, లేవీయకాండం 18, 20, రోమా 1, వీటన్నిటినీ కలిపి చదివితే వాళ్ళకు ఒక గీత కనిపిస్తుంది. రెండు వేల ఏళ్ళుగా సంఘంలో ఎక్కువమంది అలాగే చదివారు.

అయినా కొన్ని చోట్ల నిదానించాలి. సొదొమ కథను ఈ విషయానికి మొదట పట్టుకొస్తారు. ఆదికాండం 19లో ఉన్నది ఊరికి వచ్చిన అతిథుల మీద గుంపు చేయబోయిన అత్యాచారం. యెహెజ్కేలు 16:49 తీసి చూడండి. గర్వం, తిండి సమృద్ధి, పేదల చెయ్యి పట్టుకోకపోవడం, ఇవీ అక్కడ సొదొమ దోషాలు. ఆ లెక్కన సొదొమ మన కాలనీకి చాలా దగ్గర్లోనే ఉంది.

మొదటి కొరింథీ 6:9లో మన తెలుగు బైబిలు "ఆడంగితనము" అన్న మాట వాడింది. అక్కడి గ్రీకు మాట 'మలకొయ్'. మెత్తనివాళ్ళు అని అర్థం. మత్తయి 11:8లో రాజగృహాల్లో వేసుకునే మెత్తని బట్టల గురించి చెప్పేటప్పుడు ఉన్నదీ అదే మాట. దాని పక్కనున్న 'అర్సెనొకొయితై' అన్నది అరుదైన మాట. లేవీయకాండం గ్రీకు అనువాదంలోని రెండు పదాల నుంచి వచ్చి ఉంటుందని, కాబట్టి నిషేధం అలాగే ఉందని ఒక వర్గం పండితులు అంటారు. ఆ రోజుల్లో బానిస కుర్రాళ్ళను వాడుకోవడం, డబ్బుకు కొనుక్కోవడం గురించి పౌలు మాట్లాడుతున్నాడని ఇంకో వర్గం అంటారు. ఇంగ్లీషు బైబిల్లో 'హోమోసెక్సువల్స్' అన్న మాట మొదటిసారి పడింది 1946లో. వాదం ఇంకా నడుస్తోంది. మన సంఘాల్లో మాత్రం ఆ తెలుగు మాట కొంచెం వయ్యారంగా నడిచే ప్రతి కుర్రాడికీ తగిలించే పేరైంది. సండే స్కూల్లో తోటిపిల్లలు "ఆడంగి" అని పిలుస్తుంటే టీచరు కూడా నవ్విన సందర్భాలు మనకు తెలియనివి కావు. పౌలు ఏ ఉద్దేశంతో రాసినా దీనికోసం మాత్రం రాయలేదు.

ఇంకో దారి కూడా వాక్యంలోనే ఉంది. ద్వితీయోపదేశకాండం 23:1 నపుంసకుణ్ణి సమాజంలోకి రానివ్వొద్దంది. యెషయా 56 అదే మనిషికి దేవుని ఇంట్లో కొడుకులూ కూతుళ్ళ కంటే మంచి పేరు ఇస్తానంది. అపొస్తలుల కార్యాలు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు నీళ్ళు చూపించి, నాకు బాప్తిస్మానికి అడ్డేమిటని అడిగాడు. ఫిలిప్పు దగ్గర అడ్డు చెప్పే వచనం ఉంది. అయినా రథం దిగి నీళ్ళలోకి నడిచాడు. నపుంసకుడూ గే మనిషీ ఒకటేనని మేము అనడం లేదు. గుమ్మం బయట ఉంచిన మనిషిని ఆత్మ ఎటు నడిపిస్తాడో ఆ మూడు చోట్లా వరసగా కనిపిస్తోందని మాత్రమే అంటున్నాం.

మనకు తెలిసిన గోడలు

వాక్యం పేరుతో గోడలు కట్టడం మనకు కొత్త కాదు. మనలో ఎక్కువమందిమి మాలపల్లి, మాదిగపల్లిల నుంచి వచ్చినవాళ్ళం. తిరుచిరాపల్లిలో ఒక కాథలిక్ శ్మశానంలో దళిత క్రైస్తవుల సమాధుల్ని వేరుచేస్తూ గోడ కట్టారు. క్రీస్తులో కలిసినా చచ్చాక కలవనివ్వలేదు. స్త్రీలు ప్రసంగ పీఠం ఎక్కకూడదనడానికి మొదటి తిమోతి చాలాకాలం చూపించారు. సి.ఎస్.ఐ. 1976లో స్త్రీకి గురుత్వాభిషేకం ఇచ్చింది. 2013లో మన నంద్యాల డయాసిస్‌కే ఈ. పుష్పలలితగారు బిషప్ అయ్యారు. సి.ఎస్.ఐ.లో ఆమే మొదటి మహిళా బిషప్. ఆ వచనం మన బైబిల్లో ఇప్పటికీ ఉంది. మనం దాన్ని చింపెయ్యలేదు, మొత్తం సువార్త వెలుగులో చదవడం నేర్చుకున్నాం.

"కులం పుట్టుక, ఇది ప్రవర్తన. రెంటికీ పోలికేమిటి?" అని మా సమావేశంలోనే ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. కులమూ ఇదీ ఒకటి కావని మేమూ ఒప్పుకుంటాం. దళితుడి బాధను ఇంకో వాదానికి మెట్టుగా వాడుకోవడం మాకూ ఇష్టం లేదు. కానీ ఆ చీటీ మళ్ళీ చదవండి. ఆ అబ్బాయి ఏమీ చేశానని రాయలేదు. ఎలా ఉన్నాడో రాశాడు. ఉపవాసాలున్నానని కూడా రాశాడు. ప్రవర్తన గురించి మన తీర్పు ఏదైనా, ఏమీ చేయని ఆ పిల్లవాడికి ఎందుకు శిక్ష పడుతోంది?

మౌనం చేసే పని

మనం మాట్లాడకపోతే ఏమీ జరగదనుకుంటాం. చాలా జరుగుతుంది. ఇంట్లో తెలియగానే మొదట వచ్చే మాట "పెళ్ళి చేస్తే సర్దుకుంటాడు". ఊరి నుంచి సంబంధం తెస్తారు, కట్నం మాట్లాడతారు, అందరం వెళ్ళి బిర్యానీ తిని దీవించి వస్తాం. ఆ తర్వాత ఆ పిల్ల గది గోడలకేసి చూస్తూ, తనలోనే ఏదో లోపముందని ఏళ్ళ తరబడి ఏడుస్తుంది. పిల్లలు పుట్టలేదేమని ఆమెనే అడుగుతారు. ఆమె కూడా మన సంఘం బిడ్డే. ఒక అబద్ధం కోసం రెండు జీవితాలను బలిపెట్టి దాన్ని పరిశుద్ధ వివాహం అనగలమా? అమ్మాయి లెస్బియన్ అయితే పరిస్థితి ఇంకా ఘోరం. చదువు మాన్పించి, ఫోను లాక్కుని, నెల తిరక్కుండా తాళి కట్టిస్తారు.

రెండోది "విడుదల ప్రార్థన". దయ్యం పట్టిందని కొట్టిన సందర్భాలు, రోజుల తరబడి తిండి పెట్టని సందర్భాలు మా దృష్టికి వచ్చాయి. 1990లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 2018లో భారత మానసిక వైద్యుల సంఘం కూడా ఇది జబ్బు కాదంది. 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టు, మధురై నుంచి చెన్నైకి పారిపోయి వచ్చిన ఇద్దరు అమ్మాయిల కేసులో, మనిషి లైంగికతను మార్చేస్తామనే వైద్యాన్ని నిషేధించమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, ఈ విషయం తనకు తెలియదని ముందు ఒప్పుకుని, మానసిక నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నాకే తీర్పు రాశారు. న్యాయపీఠం మీదున్న మనిషి విద్యార్థిగా కూర్చోగలిగినప్పుడు మన పాస్టర్లూ పెద్దలూ కూర్చోలేరా? అమెరికాలో మార్చేస్తామని దశాబ్దాల పాటు పరిచర్య నడిపిన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ 2013లో తలుపులు మూసేసింది. దాని నాయకుడే క్షమాపణ అడిగాడు.

పెళ్ళీ వద్దు, మార్చడమూ కుదరదు, బ్రహ్మచర్యం ఒక్కటే దారి అని కొందరంటారు. నిజాయితీ ఉన్న మాటే. అయితే పెళ్ళి కానివాళ్ళకు మన సంఘంలో చోటెక్కడుంది? నలభై ఏళ్ళ ఒంటరి మనిషిని కమిటీలోకి తీసుకోం, ఇల్లు అద్దెకివ్వం, క్రిస్మస్ నాడు భోజనానికి పిలవం. ఒంటరిగా ఉండమని చెప్పే సంఘం ముందు వాళ్ళకు కుటుంబంగా ఉండాలి.

తేడాలుండగానే చేయగలిగినవి

మాలో కొందరం నమ్మకంగా జీవించే జంటలను సంఘం దీవించాలని నమ్ముతున్నాం. కొందరం ఇంకా ఒప్పుకోలేకపోతున్నాం. అభిషేకం విషయంలోనూ అంతే. రోమా 14లో తిండి గురించీ దినాల గురించీ తగాదా పడ్డ విశ్వాసులకు పౌలు ఒకర్నొకరు చేర్చుకోమన్నాడు. ముందు చేర్చుకుని, ఆ తర్వాత మాట్లాడుకోవాలి. కింది సంగతులకు మాత్రం ఏ వేదాంత తీర్మానం కోసమూ ఆగనక్కర్లేదు.

ప్రసంగ పీఠం మీద నుంచీ యూత్ మీటింగుల్లోనూ ఈ మనుషుల మీద వేసే జోకులు ఆపాలి. నవ్వేవాళ్ళ మధ్యలో చీటీ రాసినవాడు కూర్చుని ఉంటాడు.

ఎవరైనా నమ్మి చెప్పుకుంటే ఆ మాట పాస్టర్ దగ్గరే ఉండాలి. ప్రార్థన విన్నపం పేరుతో వాట్సాప్ గ్రూపులో పెడితే అది విశ్వాసఘాతుకం.

పెళ్ళికి ముందు పాస్టర్లు అబ్బాయినీ అమ్మాయినీ విడివిడిగా కూర్చోబెట్టి, ఇష్టమేనా అని అడగాలి. కాదంటే ఆ పెళ్ళి చేయకూడదు, ఎంత పెద్ద ఇంటి సంబంధమైనా.

విడుదల ప్రార్థన పేరుతో కొట్టడం, కట్టెయ్యడం, పస్తులుంచడం మన సంఘాల్లో ఎక్కడా జరగకూడదు.

గే అని తెలిసినంత మాత్రాన ఎవర్నీ కాయిర్ నుంచీ, సండే స్కూల్ నుంచీ, ప్రభువు బల్ల నుంచీ తీసెయ్యకూడదు. క్రమశిక్షణ అందరికీ ఒకే కొలతతో ఉండాలి. కట్నం పుచ్చుకున్నవాడికి స్టేజీ మీద శాలువా కప్పి, భార్యను కొట్టేవాడి చేత కానుకల సంచి పట్టించి, ఈ ఒక్క పిల్లవాడి దగ్గర పరిశుద్ధత గుర్తుచేసుకోవడం అన్యాయపు త్రాసు.

యువతకు ఒక మాట

ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళలో ఆ చీటీ రాసిన తమ్ముడు ఉండొచ్చు. రాయాలనుకుని రాయలేకపోయిన చెల్లి ఉండొచ్చు. ఇంట్లో చెప్పడానికి తొందరపడొద్దు. ముందు నీకు నమ్మకమైన మనిషిని ఒక్కరిని వెతుక్కో. బతకాలనిపించని రాత్రి వస్తే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు, ఏ వేళలోనైనా పలుకుతారు. నీ స్నేహితుడు ఎవరైనా నీకు ఈ సంగతి చెప్పుకుంటే వాక్యాలు ఏకరువు పెట్టకు, పక్కన కూర్చో.

ఆ రాత్రి మేము అన్నం కలుపుకున్నాం, మాట్లాడలేదు. అది మా తప్పు. క్షమించమని అడుగుతున్నాం. నువ్వు అడిగింది, సంఘంలో ఉండొచ్చా అని. మూడేళ్ళు ఆలస్యంగా మా జవాబు ఇదీ: ఉండొచ్చు. బాప్తిస్మం నాడే నీ పేరు ఇక్కడ రాసి ఉంది. దాన్ని కొట్టేసే కలం మా చేతికి ఎవరూ ఇవ్వలేదు. మిగతా ప్రశ్నలు చాలా ఉన్నాయి. అవి నీ గురించి నీ వెనక కాకుండా, నీతో కలిసి కూర్చుని మాట్లాడుకుందాం.